పింకీ నెత్తిమీద పప్పూ

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం భిలాయిలో మా క్వార్టరు బాత్రూమ్‌లో ఇరుక్కుపోయాను. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన రోజులవి. రుఆబాంధా సెక్టారులో ఉండేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లు, ముక్కుమీదే కోపం. తెలుగు అక్షరాలు దిద్దమన్నందుకు మా తాతయ్య మీద అలిగి, లోపలికెళ్లి గడియ విసురుగా బిగించాను. ఆ విసురుకే అది పట్టేసింది. అంతలో కరెంటు పోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. పక్కింటివాళ్లు సెలవులకు ఊరెళ్లారు. తాతయ్యకా మోకాళ్ల నొప్పులు, తలుపేమో ఇనుప రేకుది.

లాగాను, తన్నాను, గొంతు పోయేలా అరిచాను. చీకటి, ఉక్క, ఊపిరాడటం లేదు. ఇక అందులోనే చచ్చిపోతాననుకున్నాను.

తాతయ్య భిలాయి ఉక్కు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయినవారు. "ఏటి ఇరుక్కుపోనాదే?" అని బయటినుంచి అడిగారు.

"వో వాలా, తాతా! అదే!"

ఎలా ఉందని ఆయనడిగితే చల్లగా, తుప్పు పట్టి ఉందన్నాను. తడిమితే మూడు ఇనుప ముక్కలు తగిలాయి, అదీ చెప్పాను. మూడూ చల్లగానే ఉన్నాయి, మూడింటికీ తుప్పే. వాటినేమంటారో నాకు తెలుగులోనూ రాదు, హిందీలోనూ రాదు. మళ్లీ ఏడుపందుకున్నాను.

"ఎలాగుందో సెప్పకమ్మా. మూటికీ పేర్లెట్టు. నీకేది తోస్తే అదే ఎట్టు. అప్పుడు సెప్పు, ఎవులు ఎవుల్ని అట్టుకున్నారో."

అడ్డంగా ఉన్న కడ్డీకి రాజు అని, దానికి వేలాడే పిడికి పింకీ అని, పైనుంచి కిందికి వంగి ఉన్న బట్టలు తగిలించే మేకుకి పప్పూ అని పెట్టాను. "రాజు పడుకున్నాడు తాతా! పింకీ రాజుని పట్టుకుంది. పప్పూ పింకీ నెత్తిమీద కూర్చున్నాడు!"

నేను చెప్పిందంతే. అవతలున్న ఆయనకు గడియ మొత్తం కళ్లకు కట్టింది.

"సెంబుతో పప్పూని పైకి కొట్టు. తరవాత పింకీని లేపి రాజుని లాగు."

నాలుగు దెబ్బలకు మేకు కదిలింది, తలుపు తెరుచుకుంది. తిడతారనుకున్నాను. తాతయ్య నాకంటే ఎక్కువగా వణుకుతున్నారు.

కష్టంలో చిక్కుకుంటే అదెంత ఘోరమో చెప్పుకుంటూ ఇప్పటికీ కూర్చోను. తడిమి, ఒక్కోదానికీ ఒక పేరు పెట్టి, ఏది దేనిమీద కూర్చుందో చూసుకుంటాను. సగం భయం అక్కడే పోతుంది.

నాన్న ఆ సాయంత్రమే మేకు పీకేశారు. తాతయ్య దాన్ని దాచుకున్నారు. ఆయన పోయాక అది నా దగ్గరికొచ్చింది. చూసినవాళ్లు వంకర మేకంటారు. పప్పూ అంటే ఎవరో తెలిసినవాళ్లం ఇద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే.