స్టూలు మీద కూర్చుని వాడు అన్న మాట

తెర మీద ఆ పిల్లవాడు అన్నది "ఇంకొక్క రౌండ్" అని. నేను నా భార్యకు చెప్పింది "చాలు, ఇంటికి పోత" అని.

పదకొండేళ్లయింది. ఆ రెండు మాటలనూ అప్పటి నుంచి మోస్తున్నాను. బయటివాళ్లకు ఇది బరువులా కనిపించదు. జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్‌లో ఒక్క మాట, అంతే కదా అంటారు. నేనూ చాలాసార్లు అలాగే అనుకుని చూశాను. కుదరలేదు. ముప్పై ఏళ్లు మండల విలేకరిగా పనిచేసినవాణ్ని. ఒకరు అన్న మాటను అన్నట్టే రాయడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని. దాన్ని బయట ఎక్కడా తప్పలేదు. ఇంట్లో తప్పాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పడం కొంచెం తేలిక.

మాది దమ్మపేట. నా భార్య సుగుణ అశ్వారావుపేట రోడ్డులో ఉన్న ఒక ఆయిల్‌పామ్ నర్సరీలో పనికి పోయేది. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపడం, మొలక పెట్టడం, నీళ్లు పట్టడం. రోజంతా వంగి చేసే పని. ఆమెకు పని అంటే భయం లేదు. మాట అంటేనే భయం. దుకాణానికి పోతే కావాల్సింది వేలితో చూపించేది. బస్సు తాను దిగాల్సిన చోటు దాటిపోతే ఆపమని అరవలేక, తర్వాతి ఊళ్లో దిగి ఎండలో వెనక్కి నడిచి వచ్చేది. బడిలో, దవాఖానాలో, చుట్టాల దగ్గర ఇద్దరి తరఫునా నేనే మాట్లాడేవాణ్ని. నాకు అది అలవాటైంది. అలవాటైంది అంటే సరిపోదు. అది నాకు ఇష్టం.

ఒకసారి పాత సినిమాలు వేయించుకుందామని సత్తుపల్లిలో ఒక సెల్‌ఫోన్ దుకాణంలో పెన్‌డ్రైవ్ ఇచ్చాను. మిగిలిన జాగాలో దుకాణం అతను తనకు నచ్చిన బొమ్మల సీరియల్ ఒకటి నింపి పంపాడు. ముప్పై ఎపిసోడ్లు. మాటలు జపాన్ భాషలో, కింద ఇంగ్లిష్ అక్షరాలు. టీవీకి తగిలించి, ఇదేమిటో అని ఒకటి పెట్టాం. ఆపలేకపోయాం.

బాక్సింగ్ కథ. బట్టలుతికే దుకాణంలో పనిచేసే ఒక పిల్లవాడు. ఎవరి ముఖంలోకీ చూడలేడు. దారిలో ఎవరైనా తగిలితే వాళ్ల తప్పుకు కూడా తనే తల వంచుతాడు. బాక్సింగ్ నేర్చుకోవడానికి పోయి, వేలాడే సంచిని మొదటిసారి గుద్ది, ఆ సంచికి కూడా సారీ చెబుతాడు. అక్కడ సుగుణ పగలబడి నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం మా ఇంటి గోడలు అంతకు ముందు విని ఉండవు.

ఎందుకంత పట్టుకుంది ఆ కథ? నేను తర్వాత చాలా ఆలోచించాను. కొట్లాటలు బాగుంటాయి, నిజమే. మూడు నిమిషాల రౌండు ఒక ఎపిసోడంతా సాగుతుంది. ఒక గుద్దు బయలుదేరి తగిలేలోపు ఆ పిల్లవాడి మనసులో ఎన్నో మాటలు నడుస్తాయి. భయం, లెక్క, ఇంకా భయం, చిన్న ఆశ. బయటికి మాత్రం నోరు పెగలదు. ఒకరోజు సుగుణ తెర నుంచి కళ్లు తిప్పకుండా అంది: "బయటికి మాట రాదు గానీ, లోపల ఎంత మాట్లాడుతుండో సూడు." ఆ మాట ఎవరి గురించో నాకు అర్థం కాకపోలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె లోపల కూడా అన్ని మాటలు ఉంటాయని నాకు మొదటిసారి తట్టింది. తట్టిందే కానీ, అక్కడే వదిలేశాను.

ఆ నెల రోజులు మా ఇంట్లో పండగ. సాయంత్రం వార్తలు పంపేసి నేను కూర్చుంటే, ఆమె టీ తెచ్చి పక్కన కూర్చునేది. నేను అక్షరాలు చదివి తెలుగులో చెప్పేవాణ్ని. అందరికీ గొంతులు పెట్టాను. కోచ్ ముసలాయనకు మా సంతలో గొడ్ల బేరగాళ్ల గొంతు. పిల్లవాడికి సన్నగా, నసుగుతూ. ఎదుటి బాక్సర్లకు కూడా ఒక ఇల్లు, ఒక కష్టం చూపిస్తారు ఆ కథలో. సుగుణ వాళ్ల మీద కూడా జాలిపడి, ఇద్దరూ గెలిచే ఉపాయం లేదా అని నన్ను అడిగేది. లేదంటే నా మీదే అలిగేది.

అప్పుడే నర్సరీ ఫీల్డాఫీసరు ఆమెను మేస్త్రిగా ఉండమన్నాడు. నలభై మంది ఆడవాళ్ల మీద. మొక్కను చూసి జబ్బు చెప్పగలిగేది ఆమె ఒక్కతే అని అతనికి తెలుసు. అయితే మేస్త్రి అంటే అరవాలి, పని పంచాలి, తగవులు తీర్చాలి, ఆఫీసుకు పోయి మాట్లాడాలి. జవాబు మర్నాడు పొద్దునకల్లా చెప్పమన్నాడు.

ఆ సాయంత్రం టీ గ్లాసు నా చేతికిస్తూ అంది: "ఇయ్యాల వాని పెద్ద కొట్లాట ఉంది గద. వాడు లేస్తే నేనూ మేస్త్రిగ పోత."

"అది బొమ్మల ఆట గదే" అన్నాను.

"తెలుసు. అయినా గంతే."

అది ఇరవై ఆరో ఎపిసోడ్. పిల్లవాడు చావు దెబ్బలు తిన్నాడు. గంట కొట్టారు. మూలన స్టూలు మీద కూలబడ్డాడు. ఒక కన్ను మూసుకుపోయింది. కోచ్ చేతిలో తువ్వాలు పట్టుకుని, ఆపేద్దామా అని అడిగాడు. పిల్లవాడి పెదవులు కదిలాయి. కింద అక్షరాలు మూడు సెకన్లు ఉన్నాయి. సుగుణ తెరను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"ఏమన్నడు?"

"చాలు, ఇంటికి పోత అన్నడు."

"వాడు గట్లన్నడా?"

"అవ్. గట్లనే రాసుంది."

పాట మొదలై పేర్లు పడుతున్నాయి. తర్వాత ఏమైందని అడిగింది. ఇంకేం లేదు, మిగతాది వాళ్లు ఇంకా తియ్యలేదన్నాను.  "పాపం, అలిసిపోయిండు" అంటూ ఆమె గ్లాసులు తీసుకుని లేచింది. పొద్దున నర్సరీకి పోయి, తన వల్ల కాదని చెప్పి వచ్చింది.

ఎందుకు చేశాను? సాయంత్రం వేళకు ఇంటికొచ్చి వేడన్నం పెట్టే మనిషి ఉండదనా? అది కొంత. విలేకరి భార్య కూలోళ్ల మీద కేకలు వేస్తుందంటే నలుగురూ ఏమనుకుంటారనా? అదీ కొంత. రెండూ ఒప్పుకోవడం సులభమే. వాటి కింద ఉన్నది చెప్పడమే కష్టం. ఆమెకు నోరు వస్తే నా గొంతుతో పని ఏముంటుంది? పక్కన కూర్చుని "ఏమన్నడు" అని అడిగే మనిషి నాకు కావాలి. ఆ ప్రశ్న పోతుందేమోనని భయపడ్డాను. పోకుండా ఉండటానికి ఆ పిల్లవాడిని స్టూలు మీదే కూర్చోబెట్టేశాను.

మర్నాడు ఆమె పనికి పోయాక, మిగిలిన నాలుగు ఎపిసోడ్లు తలుపేసుకుని ఒక్కణ్నే చూశాను. పిల్లవాడు లేచాడు. ఓడిపోయాడు. అయితే చివరి గంట దాకా నిలబడి ఓడిపోయాడు. గెలిచినవాడే వచ్చి వాడి చెయ్యి పైకెత్తాడు. ఆ కథలో అంత గొప్ప భాగం ఇంకొకటి లేదు. పక్కకు తిరిగి చెబుదామంటే ఎవరూ లేరు. ఆ నాలుగింటినీ చెరిపేశాను.

మూడేళ్లు సుగుణ మట్టి సంచులే నింపింది. వేరే మేస్త్రి వచ్చాడు, మొక్కలు చాలా చచ్చిపోయాయి, అతనూ పని మానేసి పోయాడు. ఫీల్డాఫీసరు మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె నన్ను అడగలేదు, ఏ బొమ్మనూ అడగలేదు. సాయంత్రం ఇంటికి వచ్చి, ఒప్పుకున్నానని చెప్పింది, అంతే. మొదటి వారం గొంతు బొంగురుపోయి మిరియాల కషాయం తాగింది. రెండో వారానికి ఆమె కేక రోడ్డు మీదికి వినిపిస్తోందని బస్సు దిగినవాళ్లు నాకు చెప్పారు. నాకు నవ్వొచ్చింది. గర్వం కూడా. ఆ గర్వానికి నాకేం హక్కుందని వెంటనే అనిపించింది.

అక్కడ పని మొదలెట్టడానికి, ఆపడానికి ఒక రైలు పట్టా ముక్కను వేలాడదీశారు. సుగుణ దాన్ని ఇనుప రాడ్డుతో కొడుతుంది. పొద్దుటి పని ఒకటో రౌండు, టీ తర్వాతది రెండో రౌండు, అన్నం తర్వాతది మూడు. ఆడవాళ్లంతా అలాగే అంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు "అక్కా, ఏ రౌండ్ నడుస్తుంది?" అని గేటు దగ్గర నుంచే అడుగుతారు.

ఒకసారి నర్సరీ మీద వార్త రాయడానికి పోయాను. అన్నం వేళ. మొక్కలకు ఎండ తగలకుండా కట్టిన షేడ్‌నెట్ కింద అందరినీ కూర్చోబెట్టుకుని ఆమె ఆ పిల్లవాడి కథే చెబుతోంది. నా గొంతులన్నీ పెట్టి. స్టూలు దాకా వచ్చి ఆగింది. మరి ఓడిపోయిండా అని ఎవరో అడిగారు. సుగుణ అంది: "వాళ్లు తియ్యలే గానీ, వాడు లేసే ఉంటడు. నాకు తెలుసు." నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. వార్తలో ఆ మాట రాయలేదు.

ఇప్పుడు ఆ సీరియల్ తెలుగులో వచ్చింది. ముత్తమ్మ అని అడవి వైపు గూడెం నుంచి పనికొచ్చే అమ్మాయి ఫోన్లో దొరికింది. నెల రోజులుగా అన్నం వేళ రోజుకొకటి చూస్తున్నారు. తెలుగు అంతగా రాని ఇద్దరు పెద్దవాళ్లకు ముత్తమ్మ కోయ భాషలో చెబుతుందట. ఉన్నది ఉన్నట్టే చెబుతుందని సుగుణ మెచ్చుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆనాటి కథ నాకు చెబుతుంది. చేతులు తిప్పుతూ, కుర్చీలో ఎగురుతూ. నేను టీ పెట్టి పక్కన కూర్చుని, ఏమీ తెలియనట్టు, "ఏమన్నడు?" అని అడుగుతాను. ఇంత సంతోషం నేను ఊహించలేదు. నేను పోతుందనుకున్నది పోనే లేదు. చోట్లు మారాయి, అంతే.

మొన్న నవ్వుతూ అంది: "నువ్వు చెప్పిన కోచే బాగుండె. అయినా కొన్ని చోట్ల నువ్వు కలిపి చెప్పినట్టున్నవ్." నేనూ నవ్వాను. ఆమె ఇంకొంచెం సేపు నా ముఖం చూసింది. "ముప్పై ఉన్నయంట. మిగిలినయి తీసినట్టున్నరు" అంది.

ఆమెకు తెలుసా? ఆ మొదటి రోజే, "వాడు గట్లన్నడా" అన్నప్పుడే తెలుసా? తెలిసీ ఇన్నేళ్లు ఊరుకుందా? అడిగే ధైర్యం నాకు లేదు. ఆ మూడేళ్ల వంగిన నడుముకు నా దగ్గర జవాబు లేదు, ఇది రాసినంత మాత్రాన రాదు. అయినా ఆ మాటను మొదటిసారి, వాడు అన్నది అన్నట్టే రాశాను. ఇంకొక్క రౌండ్. రాస్తుంటే చెయ్యి తేలికగా ఉంది.

ఈ మధ్యాహ్నం ఇరవై అయిదోది అయిపోయిందట. రేపు ఆదివారం, నర్సరీకి సెలవు. ఇరవై ఆరోది ఎల్లుండి.