పురుగులింటి గోడ మీద నికోటిన్ బొమ్మ

మా ఇంట్లో పట్టుపురుగులకు మేత వేసేది నేను. ఎనిమిదో తరగతితో చదువు మాన్పించి నన్ను పురుగులు పెరిగే తట్టల ముందు కూర్చోబెట్టారు. తమ్ముణ్ణి మాత్రం బెంగళూరుకు, బీఎస్సీకి పంపారు. ఇది అరవయ్యో దశకం మొదటి రోజుల మాట.

పొగాకు నోటితో పురుగులింట్లోకి రాకూడదని మా ఊరు సాదలి చుట్టుపక్కల పురుగులు సాకే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. పొగాకు తగిలితే పురుగు తలెత్తి, పచ్చరసం కక్కి చస్తుంది. మా నాయనకేమో చింతామణి సంత పొగాకు లేనిదే పొద్దు గడవదు. మూడేళ్లు చెప్పాను. "పురుగుకు నా మింద కోపమా, నీకా?" అని నవ్వి, అదే చేత్తో ఆకు వేసేవాడు. పంట పంటకూ రెండు మూడు తట్టలు పోయేవి. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, ఆ పెరటి చెట్టును నేను.

దసరా సెలవులకు తమ్ముడు వచ్చాడు. కుంపట్లో చల్లారిన బొగ్గు తీసి పురుగులింటి గోడ మీద రెండు ఉంగరాలు గీశాడు. ఒకదానికి ఆరు మూలలు, చిన్న గీతతో దానికి కలిపిన రెండోదానికి ఐదు. ఒక్కోదాంట్లో ఒక మూల ఇంగ్లీషు అక్షరం పెట్టాడు.

"ఇది నికోటిన్, నాయనా. పొగాకులో ఉండే విషం ఇదే. ఈ రెండు మూలల్లో నైట్రోజన్ ఉండాది. పురుగు దీన్ని తట్టుకోలేదు."

నాయన కాసేపు గోడ ముందు నిలబడి, బయటికి పోయి నోరు పుక్కిలించి, పొగాకు సంచి పశువుల కొట్టంలో తగిలించాడు. సెలవులు అయ్యేలోపే ఆ పంట బ్రహ్మాండంగా పండింది. చిక్కబళ్ళాపురం నుంచి చుట్టాలొస్తే గోడ చూపించి, "మావాడు గీసినాడు" అనేవాడు. ఆకు కోసి కోసి పచ్చబడ్డ నా వేళ్లు ఎవరికీ కనబడలేదు. వాణ్ణి చంకనెత్తుకుని పెంచినదాన్నే, వాడి మీద కుళ్లుకున్నాను. దాచుకోవడం ఎందుకు?

ప్రతి పంటకూ ముందు పురుగులింటిని పేడతో అలకాలి. "ఆ బొమ్మ జోలికి పోవద్దమ్మా" అని నాయన మరీ మరీ చెప్పాడు. తమ్ముడు బస్సెక్కిన మర్నాడే దాని మీద రెండు పూతలు పూశాను. బొమ్మతోపాటు నాయన భయమూ పోయింది. తర్వాతి పంటలో, పురుగులు ఆబగా ఆకు తినే చివరి రోజుల్లో, దవడలో పొగాకుతో గడప దగ్గరికి వచ్చాడు.

"వద్దు నాయనా, పురుగు చస్తాది" అని అడ్డంగా నిలబడ్డాను.

"యాడ చస్తాది లేమ్మా, జరుగు."

నా వెనక ముప్ఫై తట్టలున్నాయి. కుంపట్లో బొగ్గు తీసి, నేను పూసిన పేడ మీదే ఉంగరాలు గీశాను. తొందరలో రెండింటికీ ఆరేసి మూలలు వచ్చాయి. అక్షరం ఎక్కడ పెట్టాలో గుర్తులేక తోచినచోట పెట్టాను.

నాయన ఆ తప్పుడు బొమ్మను తేరిపార చూశాడు. వెనక్కి పోయి, ఉమ్మేసి, నోరూ చేతులూ కడుక్కుని వచ్చాడు.

"తమ్ముడు నీకు బాగా నేర్పిచ్చినాడే" అన్నాడు, మెచ్చుకుంటూ.

ఆ పంటలో ఒక్క తట్ట కూడా పోలేదు. తప్పుడు బొమ్మకున్న విలువ నా మాటకు లేకపోయిందని, నాయన మెచ్చుకున్న ఆ పూట మాత్రం నేను అన్నం ముట్టలేదు.