కూర్చుని నేసే కాళ్ళు

2024 వర్షాకాలం. అమలాపురంలో నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చేవాళ్ళంటే మామూలుగా మోకాళ్ళు పట్టేసిన పెద్దవాళ్ళే. ఆ ఏడు మాత్రం కుర్రకారు బారులు తీరింది. కానిస్టేబుల్ ఉద్యోగాలకు పరుగు పరీక్షలు డిసెంబరులో ఉంటాయని తెలిసేసరికి చుట్టుపక్కల కాలవగట్లన్నీ రన్నింగ్ ట్రాకులైపోయాయి. ఎన్నడూ లేనిది ఒక్కసారిగా పరిగెత్తడం, వారం తిరక్కుండా కుంటుకుంటూ నా దగ్గరకు రావడం మనవాళ్ళకు అలవాటు. వాళ్ళకు చివాట్లు పెట్టడం నాకు అలవాటు.

నాగమణి కూడా అలాగే వచ్చింది. బండారులంకలో చీరలు నేసే ఇంటి కోడలు. పక్కన ఆమె అత్తగారు, మహాలక్ష్మిగారు. మొదటి రాతపరీక్ష ఎప్పుడో పాసై, ఇన్నాళ్ళూ ఈ పరుగు కోసమే ఎదురుచూసిందట. మళ్ళీ నోటిఫికేషన్ పడేనాటికి వయసు దాటిపోతుంది. ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఆ కంగారులో మొదటిరోజే ఊపిరాడనంత వేగంగా పరిగెత్తింది, మర్నాడూ అంతే. ఇప్పుడు మోకాలి కింద ఎముక అంచు వెంబడి చెయ్యి వేస్తే చాలు, ప్రాణం లేచిపోతోంది.

దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటాం. అలవాటు లేని పరుగు మీద పడితే పిక్క కండరాలు ఎముకను పట్టుకుని ఉండే చోట పుట్టే నొప్పి. అలా కాక ఒక్కచోటే వేలుపెట్టి చూపించగలిగే నొప్పయితే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక ఉందేమోనని అనుమానించాలి. ఎముకల డాక్టరుగారికి చూపిస్తే అది కాదని తేల్చారు. హమ్మయ్య అనుకుని, కొన్నాళ్ళు పరుగు ఆపి కాళ్ళకు పూర్తిగా విశ్రాంతి ఇమ్మని పంపించాను.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. నొప్పి తగ్గలేదు. ఆ తర్వాత ఇంకోసారి వచ్చింది, అదే నొప్పి. నాకు ఒళ్ళు మండింది. చెప్పిన మాట వినకుండా చాటుగా పరిగెడుతున్నావు కదూ అని నిలదీశాను. నాగమణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"ఒట్టండి మేడంగారూ, గట్టు మొహం చూడలేదండి. పొద్దస్తమానం మగ్గంలోనే కూర్చుందండి."

"మగ్గంలోనా?"

"ఆయ్. పెళ్ళివారి చీరలండి, ఆపడానికి లేదు. కూర్చుని చేసే పనే కదండీ, కాళ్ళకేం శ్రమ?"

నాగమణిని కుర్చీలో కూర్చోబెట్టి, నేసేటప్పుడు కాళ్ళు ఏం చేస్తాయో చూపించమన్నాను. మునివేళ్ళు నేలకు ఆనించి, ఈ పాదం ఒకసారి, ఆ పాదం ఒకసారి కిందికి నొక్కడం మొదలుపెట్టింది. వాళ్ళది గుంట మగ్గం. గుంటలోకి కాళ్ళు దించి చెక్కలు తొక్కితేనే పోగులు విడిపడి మధ్యలోంచి అడ్డనూలు మోసే నాడె పరిగెడుతుంది. పోగు పోగుకూ ఒక తొక్కు. పరుగుకు పనికొచ్చే పిక్కలే అక్కడా పనిచేసేది. పైగా పరుగు మానేసిన సమయం కూడా వృథా కాకూడదని మగ్గానికే ఇచ్చింది. విశ్రాంతి పేరుతో ఆ కాళ్ళకు ఓవర్‌టైమ్ పడింది. ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేశాను.

తర్వాత నవ్వు ఆగిపోయింది. మగ్గం ఆపితే ఇల్లు గడవదు, ఆపకపోతే ఉద్యోగం ఆశ వదులుకోవాలి. నాగమణి తలొంచుకుని, పోనీలెండి మేడంగారూ, నాకు రాసిపెట్టి లేదు అంది. మహాలక్ష్మిగారు కోడలి కాళ్ళకేసి చూశారు. ఓపిక లేక మగ్గం మానేసి చాన్నాళ్ళయిన మనిషి.

"నేను కూర్చుంటానే మగ్గంలో. నువ్వు కండెలు చుట్టు. నా కాళ్ళు ఏ పోలీసుద్యోగానికీ పోవక్కర్లేదు కదా."

నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టడం చేతుల పని. నాకు కావలసింది అదే. నొప్పి దిగాక నాగమణికి నడక మొదలుపెట్టించాను. తర్వాత కాస్త పరుగు, కాస్త నడక. ఒకరోజు పరిగెడితే మర్నాడు సెలవు. మడమలు ఎత్తి దించే వ్యాయామం ఇంటిదగ్గర. అన్నిటికంటే కష్టమైంది నడవమని ఒప్పించడం. గట్టు మీద నడుస్తుంటే పక్కనుంచి దూసుకుపోయే కుర్రాళ్ళు, ఏంటక్కా అప్పుడే అయిపోయిందా అంటున్నారట. సిగ్గేసి మానేద్దామనుకుంది. చీర నేయడం మొదలెట్టిన రోజే మడతపెట్టేస్తావా అని అడిగాను. మర్నాడు మళ్ళీ గట్టెక్కింది.

కొత్తగా పరిగెత్తేవాళ్ళకు టాక్ టెస్ట్ అని ఒకటి చెబుతాం. ఆయాసం లేకుండా మాట్లాడగలిగితే అదే సరైన వేగం. ఒంటరిగా పరిగెడుతూ ఏం మాట్లాడనండి అంది. చీర అంచులో రంగుల వరస పైకి చెప్పుకోమన్నాను. మాట తెగితే వేగం తగ్గించాలి. నాలుగు వారాల తర్వాత అనుకుంటాను, క్లినిక్‌లోకి కుంటకుండా, నవ్వుకుంటూ వచ్చింది. గట్టు ఆ చివర నుంచి ఈ చివరకు ఎక్కడా ఆగలేదట, రంగు ఒక్కటీ తప్పలేదట. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

డిసెంబరులో అత్తాకోడళ్ళు పరుగు పరీక్షకు కాకినాడ వెళ్ళారు. విజిల్ వెయ్యగానే అందరూ ఒక్క ఉదుటున ముందుకెళ్ళిపోయారట. నాగమణి చివర్న, పెదాలు కదుపుకుంటూ పరిగెత్తింది. సగం దూరానికి ముందున్నవాళ్ళు డొక్కలు పట్టుకోవడం మొదలైంది. ఒక్కొక్కరినే దాటింది. ఆఖరి రౌండులో రంగులూ అంచులూ అన్నీ వదిలేసి, ఒంట్లో ఉన్నదంతా పెట్టి పరిగెత్తిందట.

ఫోనులో నాగమణి ఇదంతా చెబుతుంటే అత్తగారు లాక్కున్నారు.

"పాసైపోయేమండి మేడంగారూ!"

పాసయింది అనలేదు, పాసయ్యేం అన్నారు. అక్షరాలా నిజం. ఆ తర్వాత ఆఖరి రాతపరీక్ష కూడా గట్టెక్కి, ఉద్యోగమూ వచ్చింది. మహాలక్ష్మిగారు కొంగులో కట్టుకుని తెచ్చిన మిఠాయి పేషెంట్లందరికీ తానే పంచారు.

ఇప్పుడు కొత్తగా పరుగు మొదలుపెట్టి నొప్పితో ఎవరొచ్చినా, ఎంత దూరం పరిగెత్తారని ముందుగా అడగను. మిగతా రోజంతా మీ కాళ్ళు ఏం చేస్తాయని అడుగుతాను. చాలామంది, ఏముందండి, కూర్చునే ఉంటానండి అంటారు. అప్పుడు కుర్చీ ముందుకు జరిపి, ఏదీ, కూర్చుని చూపించమంటాను.