అలేఖ్య జాతకం

అమరేశ్వరరావుకి యాభై మూడేళ్ళు. బట్టతల, చత్వారం, మెట్లెక్కితే కలుక్కుమనే మోకాలు, ఆ వయసుకి రావలసినవన్నీ వేళకే వచ్చాయి. ఇంట్లో ఆయన అమరేశ్వరరావే. ఆఫీసులో కుర్చీలో కూర్చున్న క్షణం నుంచి మాత్రం ఆయన అలేఖ్య. ముప్ఫై నాలుగేళ్ళ ఇల్లాలు, హిమాయత్‌నగర్‌లో కాపురం, ఆయాసంతో బాధపడే అయిదేళ్ళ కొడుకు, దేనికీ తృప్తిపడని మామగారు, నెలకి ఇరవై రోజులు క్యాంపులు తిరిగే మొగుడు.

ఆ ఆఫీసు ఆబిడ్స్‌లో ఓ చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది. 'పెరటి కబుర్లు' అనే వెబ్‌సైటు నడుపుతారు. ఆడవాళ్ళు వచ్చి కష్టసుఖాలు చెప్పుకునే చోటు. మాట్లాడేవాళ్ళు లేని చోటికి కొత్తవాళ్ళు ఎవరొస్తారు? అందుకని జీతమిచ్చి ఆరుగురిని కూర్చోబెట్టారు. ఒక్కొక్కరికి నాలుగైదు పేర్లు, ఒక్కో పేరుకి ఒక కాగితం. పుట్టినరోజు మొదలుకుని పడని కూర దాకా అన్నీ రాసి ఉండే ఆ కాగితాన్ని ఆఫీసులో 'జాతకం' అంటారు. ఒకరు మానేస్తే ఆ జాతకం ఇంకొకరి చేతికి వెళుతుంది. అలేఖ్యని అమరేశ్వరరావుకి ముందు ఇద్దరు రాశారు. మామగారి నోటిదురుసు మొదటివాడి పుణ్యం, కొడుకు ఆయాసం రెండోవాడిది.

గోడ మీద 'రాత ప్రమాణాలు' అని పద్నాలుగు సూత్రాల కాగితం అంటించి ఉంటుంది. ఏ జవాబూ అరవై మాటలకి తగ్గకూడదు. అవతలి మనిషి కష్టానికి మనదో చిన్న కష్టం కలపాలి. ఆఖరి వాక్యం ప్రశ్నగా ఉండాలి. ఫోనులో మాట్లాడటం, ఎదురుపడటం నిషిద్ధం. పాతికేళ్ళు ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దిన మనిషికి ఇవి ఒక లెక్కా? ఆ పత్రిక మూతపడి రెండేళ్ళు ఖాళీగా కూర్చున్నాక దొరికిన ఉద్యోగం కూడాను. ఆఫీసు సంగతులు బయట చెప్పనని సంతకం పెట్టాడు. భార్య జమునతో, పుస్తకాలు వేసే ఆఫీసులో పని అన్నాడు. ఇందులో ఎవరికీ నష్టం లేదని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. అలా నచ్చజెప్పుకోవలసి వచ్చినప్పుడే ఆయనకి అనుమానం రావలసింది.

ప్రమాణాల సంగతి చూసే అమ్మాయి లహరి. ఇరవై ఆరేళ్ళు, మాట మెత్తన, మార్కులు మాత్రం పిసినారిగా వేస్తుంది. చేరిన నెలలోనే ఆయన రాసిన ఓ జవాబు తిప్పి పంపింది.

"చాలా బాగా రాశారు సర్. కానీ ఆవిడ సమస్య తీర్చేశారు. తీరిపోతే రేపు మళ్ళీ ఎందుకొస్తుంది చెప్పండి?"

ఆయన దిద్ది ఇచ్చాడు. తీరకుండా, తెగకుండా, ఆప్యాయంగా రాయడం అలవాటైపోయింది.

'నాంపల్లి జె' అన్న పేరుతో ఒకావిడ అలేఖ్యకి రాయడం మొదలుపెట్టి ఎనిమిది నెలలైంది. మొదటి రెండు నెలలూ ఆయన ఏమీ పోల్చుకోలేదు. పిల్లల్లేని ఇల్లు, పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే భర్త, వచ్చాక గోడకేసి చూస్తూ కూర్చునే భర్త. అలాంటి ఇళ్ళు నాంపల్లిలో వీధికి పది ఉంటాయి. అలేఖ్య జాలిపడింది, తన మొగుడి క్యాంపుల గోడు కలిపింది, ప్రశ్న అడిగింది. తర్వాత ఒక మంగళవారం ఆవిడ ఇలా రాసింది: "నిన్న ఉప్మాలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను అలేఖ్యా. మావారు మొత్తం తినేసి, ప్లేటు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు. ఒక్క మాట అనలేదు. ఈ ఇంట్లో నేను ఉన్నట్టా, లేనట్టా?"

ఆ ఉప్మా ఆయనే తిన్నాడు. ఉప్పు లేదని తెలిసే తిన్నాడు, జమున నొచ్చుకుంటుందని నోరు మూసుకున్నాడు. పెద్ద సంస్కారం చూపించాననుకుని ఆబిడ్స్ దాకా నడిచాడు కూడా. తెర మీద ఆ నాలుగు వాక్యాలు చదివాక చెవులు వేడెక్కాయి. పక్క కుర్చీలో భూపాల్ "ఏమైందన్నా, గట్లున్నవు?" అని మంచినీళ్ళ సీసా అందించాడు. ఆయన నీళ్ళు తాగి, అలేఖ్యగా అరవై ఎనిమిది మాటలు రాశాడు. లహరి పదికి తొమ్మిది వేసింది.

అప్పటినుంచి మొదలైంది అసలు బాధ. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వేలకొద్దీ మాటలు ఖర్చుపెట్టి, ఆబిడ్స్ రోడ్డు దాటి, స్టేషను వైపు సందుల్లో పడి ఇల్లు చేరేసరికి ఆయన నోట్లో మాట మిగలదు. మిగిలిన ఒకటీ అరా కూడా బయటికి రావాలంటే భయం. జమునకి నడుము నొప్పిగా ఉందని తెలుసు, ఆమె చెప్పలేదు కనక అడగకూడదు. చిన్నప్పటి స్నేహితురాలు కలలోకి వచ్చిందని తెలుసు, తెలిసినట్టు ఉండకూడదు. ఆమె గురించి ఆయనకి ఇంత తెలియడం ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇదే మొదలు. ఇంత మూగగా ఉండటమూ ఇదే మొదలు.

ఒక్కసారి తెగించాడు. నుమాయిష్‌కి వెళ్ళాలనుంది, ఏటా ఇంటి పక్కనే పెట్టే ఎగ్జిబిషనే అయినా నాలుగేళ్ళయింది చూసి, అని ఆమె అలేఖ్యకి రాసిన రోజున సాయంత్రం ఇంటికి రాగానే "తయారవ్వు, నుమాయిష్‌కి వెళ్దాం" అన్నాడు. ఆమె ముఖం విప్పారింది. ఇద్దరూ మిర్చి బజ్జీలు తిన్నారు, ఆమె రెండు డజన్ల గాజులు కొనుక్కుంది. ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టయింది. మర్నాడు తెర మీద ఉత్తరం: "నీది ఎంత చల్లని నోరే అలేఖ్యా, నువ్వు అడిగి చూడమన్నావు, నేను అడక్కుండానే తీసుకెళ్ళారు." ఆ గాజుల పుణ్యం కూడా అలేఖ్య ఖాతాలోకే పోయింది. లేని ఆడమనిషి మీద యాభై మూడేళ్ళవాడు అసూయపడటం ఎలా ఉంటుందో అమరేశ్వరరావుని అడగాలి.

ఓ శనివారం సాయంత్రం నాలుగున్నరకి జమున నుంచి విడిగా సందేశం వచ్చింది. "రేపు ఆదివారం పదింటికి ఆబిడ్స్‌లో పాత పుస్తకాల వాళ్ళ దగ్గరికి రాగలవా? పెద్ద పోస్టాఫీసు ఎదురుగా ఉంటాను. మావారిని కూడా తీసుకొస్తాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? ఒక్కసారి నీ ముఖం చూడాలి."

సాకులకి లోటు లేదు, జాతకం నిండా సాకులే. పిల్లవాడి ఆయాసం ఎత్తుకుని ఆయన అరవై నాలుగు మాటలు రాశాడు. చక్కగా కుదిరింది. పంపడానికి మాత్రం వేలు ఆడలేదు. ఆమె కొత్తచీర తీసి పెట్టుకుని ఉంటుంది, తనకి తెలుసు. ఇంకో అబద్ధం రాస్తే ఇంకో ఎనిమిది నెలలు ఇందులోనే ఉంటాడు, అదీ తెలుసు. రాసింది చెరిపేశాడు. ఈ రాత్రి నేనే నోటితో చెప్తాను, ఉద్యోగం పోతే పోనీ, అనుకున్నాడు. తను జవాబివ్వకపోతే అలేఖ్య నోరు విప్పదు కదా అన్న ధైర్యంతో కంప్యూటరు కట్టేసి ఇంటికి నడిచాడు.

ఇక్కడే పొరపాటు పడ్డాడు మహానుభావుడు. పద్నాలుగు సూత్రాల్లో పదకొండోది, సూటి ప్రశ్నకి పద్దెనిమిది గంటల్లో జవాబు వెళ్ళకపోతే ఆ జాతకం పక్కవాడికి ఇస్తారని. వారపత్రికలో పాతికేళ్ళు ఆదివారాలు సెలవు తీసుకున్న బుద్ధి, ఈ గంటల్లో కూడా ఆదివారం కలవదనుకుంది.

ఆ రాత్రి చెప్పలేకపోయాడు. జమునే ముందుగా వెబ్‌సైటులో దొరికిన తన స్నేహితురాలి సంగతి, పొద్దున ఆమెని కలవాలన్న సంగతీ మొదటిసారి ఆయనకి చెప్పేసింది. చీర ఇస్త్రీ చేసుకుంటూ, "అలేఖ్య జవాబివ్వలేదండీ, నేరుగా వచ్చేస్తుందేమో" అంది. తన భార్య కూనిరాగం తియ్యడం ఆయన ఎన్నేళ్ళకో విన్నాడు. నోరు తెరిచి "ఫ్యాను తగ్గించనా?" అని అడిగాడు.

ఆదివారం పది గంటలకి ఇద్దరూ పోస్టాఫీసు ఎదురుగా నిలబడ్డారు. మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు పొడుగునా పుస్తకాలు పరిచి ఉన్నాయి. బేరాలాడుతున్న జనంలో పిల్లవాడి చెయ్యి పట్టుకున్న ఆడమనిషి కనబడినప్పుడల్లా జమున ఒక అడుగు ముందుకి వేసి, ఆగి, వెనక్కి వస్తోంది. పదిన్నర దాటేలోపు అలా మూడుసార్లు చూశాక ఆయన ఇక తట్టుకోలేకపోయాడు.

"జమునా, ఆవిడ రాదు."

"మీకెలా తెలుసు?"

"అలేఖ్య అనే మనిషి లేదు. అది నేనే. మా ఆఫీసులో అలా పేర్లు పెట్టుకుని రాయడమే నా పని. నీకు జవాబులు రాసింది నేను."

జమున కదల్లేదు. "ఇదేం హాస్యం?"

"హాస్యం కాదు. మొన్న గురువారం వంటింట్లో కుళాయి తిప్పి, చప్పుడు వినబడకుండా ఏడ్చానని రాశావు. అది చదివింది నేను."

ఆమె ముఖంలో రక్తం లేదు. పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. మనిషి నిలబడి ఉండగానే లోపల ఇల్లు ఖాళీ అయిపోవడం ఆయన కళ్ళారా చూశాడు. ఈ ముఖం నేను ఊహించలేదే అనుకున్నాడు. అంతలో ఆమె చేతిలో ఫోను మోగింది.

చూసింది. మళ్ళీ చూసింది. ఊపిరి తీసుకుని పైకి చదివింది. "అక్కా, ఏమనుకోకు. బాబుకి తెల్లారి నుంచి ఆయాసం, నెబ్యులైజర్ పెట్టించడానికి దవాఖానకి తెచ్చినం..." చదువుతుంటే ఆమె ముఖంలోకి ప్రాణం తిరిగొచ్చింది. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఆమె ఎదుటే వేలాడుతున్నాయి.

అదే నిమిషాన ఆయన జేబులో ఫోను కూడా అదిరింది. పక్కకి తిరిగి చూశాడు. భూపాల్. "అన్నా, అలేఖ్య టైం దాటిందని లహరి మేడం నాకిచ్చింది. నీకు మార్కులు పోవద్దని జవాబు నేనే కొట్టిన. ఫికర్ చెయ్యకు, రేపు మళ్ల నీకే ఇస్తరు."

"అలేఖ్య మీరేనన్నారు," అంది జమున. "మరి ఇప్పుడు రాసిందెవరు?"

ఆయన ఫోను పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి చాపి చూపిస్తే చాలు, నిజం అక్కడే ఉంది.

"అర్థమైంది," అంది ఆమె. "నా ఫోను తీసి చదువుతున్నారు. నేను ఏడ్చినది కూడా దొంగతనంగా చదివారు. అడిగితే చెప్పనా? ఒక్కరోజైనా అడిగారా?"

చూపిస్తే ఆ ఖాళీ ముఖం మళ్ళీ వస్తుంది. ఈసారి వస్తే పోదు. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఔను, చదివాను," అన్నాడు. "తప్పయిపోయింది."

"నాకున్నదల్లా ఆ పిల్ల ఒక్కతే. దాన్ని కూడా లేకుండా చెయ్యాలని చూశారు."

జమున నాలుగడుగులు దూరం జరిగి, మూసిన దుకాణం షట్టరు వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ ఫోనులో రాయడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. ఆమె ఏం రాస్తోందో అక్కడినుంచి ఆయనకి కనబడటం లేదు. రేపు పొద్దున పదింటికి ఆఫీసులో కూర్చుని, ఆ ఉత్తరం చదివి, ఆమె మొగుణ్ణి తిడుతూ జవాబు రాయవలసింది ఆయనే.