ఎర్రదుమ్ము సంఘాధ్యక్షుడు

మా కొట్రేశ్ బావకు ఒకటే జబ్బు. దేన్నైనా తిట్టాలంటే పొగుడుతాడు. మా ఊరు కూరెకుప్పలో మా వీధి మీదుగా ఇనుప ఖనిజం లారీలు టార్పాలిన్ కప్పకుండా పోతుంటే, ఈయన తలకు మైసూరు పేటా చుట్టుకుని "ఎర్రదుమ్ము అభిమానుల సంఘం అధ్యక్షుడు"గా ఫోన్లో వీడియోలు పెడతాడు. ఆ ఫోన్ పట్టుకునే ఖర్మ నాది.

"చూడండప్పా మా ఇడ్లీలు! లోకమంతా తెల్లవి తింటాది, మాకు ఎర్రవి ఇచ్చినారు!"

వీడియో ఆపినా వేషం దిగదు. మా అక్క ఆరేసిన చీర దులుపుతూ ఏడుస్తుంటే, "రంగు ఫ్రీగా ఏసినారు, థ్యాంక్స్ చెప్పు" అంటాడు. పక్కింటి హనుమమ్మవ్వ దగ్గలేక చస్తోంది, కంప్లైంట్ ఇద్దాం బావా అంటే, "ఛీ! అభిమానులు కంప్లైంట్ ఇస్తారా?" అన్నాడు. ఇలాంటి మనిషిని ఏం చేయాలి?

అనుకున్నంతా అయింది. లారీ ఓనర్లు ఆ వీడియోలు నిజమనుకుని, ఆయుధపూజకు సన్మానమని పిలిచారు. అమ్ముడుపోయాడని వీధంతా తిట్టింది. హనుమమ్మవ్వ ఈయన మొహం మీదే తలుపేసింది.

"ఎగతాళికని చెప్పు బావా!"

"అధ్యక్షుడు ఎగతాళి చేస్తాడేమప్పా?"

వేదిక మీద శాలువా కప్పించుకుని మైకు అందుకున్నాడు. "ఓనర్ సార్లూ, ఈ భాగ్యం మాకొక్కరికేనా? రేపట్నుంచి లారీలన్నీ మీ ఇండ్ల ముందర పోనీండి. టార్పాలిన్ కప్పొద్దు, దండం పెడతా. మేడమ్‌ల పట్టుచీరలకూ రంగొస్తాది!"

ముందు వరసలో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. పెద్ద ఓనరు భార్య నేత్రావతి అందరి ముందే మొగుణ్ణి అడిగేసింది: "ఏన్రీ, టార్పాలిన్ కప్పేకి ఏం కష్టం మీకు?" అప్పుడే శాలువా కప్పిన మనిషి మీద కోప్పడలేక, ఆయన మైకులోనే మాటిచ్చాడు.

దారిలో నాకు మండింది. "ఇదేదో ముందే సూటిగా అడగొచ్చు కదా!"

మొదటిసారి బావ పేటా తీశాడు. "ఆ లారీల్లో ఒకటి తోలేది హనుమమ్మవ్వ కొడుకు మౌనేష్. మన వీధి కంప్లైంట్ ఇస్తే మొదట వాన్నే పీకుతారు. పొగిడితే ఎవర్ని పీకుతారప్పా?"

ఇన్నాళ్లూ తిట్టినందుకు నాకు సిగ్గేసింది.

లారీలు కప్పుకుని పోవడం మొదలైన వారానికి, హనుమమ్మవ్వ తలుపు తీసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నడుం మీద చెయ్యేసుకుని బావను నిలదీసింది.

"ఏమప్పా అధ్యక్షా, ఏం పని చేస్తివి? దుమ్ము లేక నాకు ఊపిరే ఆడకుండా ఉండాది!"

అని, ఒక్క దగ్గు కూడా రాకుండా, వీధంతా వినిపించేలా నవ్వింది.