గాలి దూరని పెట్టె

చనిపోయినవాళ్ల ఒళ్లు తుడిచి, ముక్కుల్లో దూది పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లి ఇడ్లీ తిన్నదాన్ని నేను. ఏళ్ల తరబడి నర్సు పని. వార్డులో దెయ్యం తిరుగుతోందని ఆయాలు గుసగుసలాడుకుంటే, ముందు బెడ్‌పాన్లు కడగండి, తర్వాత దెయ్యం సంగతి చూద్దాం అనేదాన్ని. కాబట్టి ఇది ఏ పిరికిదో చెబుతోందని అనుకోకండి.

మాది ఖరగ్‌పూర్‌లో తాల్‌బగీచా. మా ఆయన తాతగారి కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడిన కుటుంబం. మావయ్య వర్క్‌షాపులో బోగీల చెక్కపని చేసి రిటైరయ్యారు. జీవితమంతా పీల్చిన రంపపు పొట్టు ఆయన ఊపిరితిత్తుల్ని తినేసింది. ఊపిరి లోపలికి గబుక్కున పోయేది. బయటికి రావడానికే ఎంతో సేపు పట్టేది. పక్క గదిలోంచి విన్నా అది ఆయనదేనని చెప్పగలను.

మా ఆయన సుధాకర్‌కి పాత కారు కొన్న దగ్గర్నుంచి పాటల పిచ్చి పట్టింది. అద్దాలు అదిరితే గాని ఆయనకు పాట విన్నట్టుండదు. డిక్కీలో పెట్టడానికి పెద్ద బేస్ స్పీకరు తెచ్చుకున్నాడు. దానికో చెక్కపెట్టె కావాలి. గోల్‌బజార్లో తయారుగా దొరికేవాటిని మావయ్య వేలితో తట్టి చూసి ముఖం చిట్లించారు.

"ఇదేటి పెట్టెరా? కోళ్లగూడు. నేను సేసిస్తాను."

దుమ్ము తగలకూడదని డాక్టరు చెప్పాడని నేను మొత్తుకున్నాను. ఒప్పుకున్న కొడుక్కి బుద్ధి లేదు, చేస్తానన్న తండ్రికి భయం లేదు. పని మా వరండాలోనే, ఇక చూసుకోండి.

దళసరి ప్లైవుడ్ పలకలు కోసి, అంచులకు జిగురు పూసి, స్క్రూలు బిగించి, లోపల మూలమూలకూ పొట్టు కలిపిన జిగురు వేలితో మెత్తారు మావయ్య. ఆ పెట్టెలోంచి గాలి పోకూడదట. పోతే శబ్దం చెడుతుందట. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని కోసేవారు, దగ్గేవారు, మళ్లీ కోసేవారు. గుండ్రంగా తొలిచిన కంతలో స్పీకరు బిగించాక నన్ను పిలిచి పరీక్ష చూపించారు. స్పీకరు మధ్యలో ఉండే నల్లటి గిన్నెలాంటి అట్టను వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి వదిలారు. గాలి కారిపోయే పెట్టెలో అయితే అది టక్కున ఎగిరొస్తుందట. ఇది బద్ధకంగా, నెమ్మదిగా పైకొచ్చింది.

"సూసినావా అమ్మా? గాలి దూరిందంటే నా పేరు మార్సీ."

"ఆ గాలేదో మీ ఛాతీలో దాచుకోండి మావయ్యా" అన్నాను. నవ్వారు. నవ్వు దగ్గులోకి తిరిగింది.

మర్నాడే ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేర్చాం. తర్వాత గొంతులో గొట్టం వేసి వెంటిలేటరు పెట్టారు. అత్తకు మోకాళ్లు పనిచేయవు, ఇంటి దగ్గరే ఉంది. ఆ సాయంత్రం ఫోను చేసి, మీ మావయ్య పెట్టెలో ఊపిరి తీస్తన్నాడే అంది. ఎండకి లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతుందమ్మా అని సుధాకర్ విసుక్కున్నాడు. నాకూ సబబుగానే అనిపించింది.

స్నానానికి ఇంటికి వచ్చినప్పుడు చూశాను. పెట్టె వరండాలో గోడవారగా ఉంది. స్పీకరు తీగలు రెండూ దేనికీ కలపకుండా బయటికి వేలాడుతున్నాయి. ఆ నల్లటి అట్ట గబుక్కున ఉబ్బుతోంది. ఎంతో సేపు తీసుకుని దిగుతోంది. ఆసుపత్రిలో యంత్రం మావయ్య చేత కొలిచినట్టు సమానంగా ఊపిరి తీయిస్తోంది. ఇది యంత్రం ఊపిరి కాదు. ఇది ఆయన సొంత ఊపిరి.

రెండోనాడు మావయ్య పోయారు. నేను పక్కనే ఉన్నాను. మానిటరు మీద గుండె గీత సాపుగా వచ్చింది. డాక్టర్లు కళ్లలో లైటు వేసి చూశారు. గొట్టాలు తీసింది నేనే. ఇంటికి తెచ్చి ముందు గదిలో ఐసు మీద పడుకోబెట్టాం.

అత్త శవం దగ్గర కూర్చోలేదు. వరండాలో కుర్చీ వేసుకుని పెట్టె ముందు కూర్చుంది. అట్ట ఉబ్బుతూనే ఉంది, దిగుతూనే ఉంది.

నేను మోకాళ్ల మీద కూర్చుని వాచీ చూసుకుంటూ లెక్కపెట్టాను. రోగి ముందు కూర్చుంటే ఊపిరి లెక్కపెట్టడం నాకు అలవాటు, అంతే. తలెత్తేసరికి అత్త నా నోటికేసే చూస్తోంది.

"నీ పెదాలు కదిలినాయి. లెక్కెట్టినావు. సచ్చినోడికి లెక్కెడతారేటే?"

భూస్థాపన ఆపమని అందరి కాళ్లూ పట్టుకుంది. ఇంకా ఊపిరుందని అరిచింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఒకావిడ, నర్సు కోడలుంది కదా, ఓసారి చూడమనండి అంది. అందరి ముందూ నాడి చూశాను, ముక్కు దగ్గర చేయి పెట్టాను, రెప్పలు ఎత్తాను. ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయింది. పోయారని చెప్పాను. శవప్పెట్టె మూత బిగించారు. అత్త గుమ్మం దాటి రాలేదు.

మట్టి వేసి వచ్చాక కూడా అది ఆడుతూనే ఉంది. సుధాకర్ స్పీకరు పీకేయబోయాడు. అత్త పెట్టెని రెండు చేతులా కావలించుకుంది. ఏం చేస్తాం, వదిలేశాం.

మర్నాడు తెల్లారాక టీ పెడుతుంటే అత్త పిలిచింది. అట్ట ఒకసారి ఉబ్బింది. మెల్లగా దిగింది. మళ్లీ లేవలేదు. అత్త చాలాసేపు చూసింది.

"ఇప్పుడు పోనాడు. నిన్న కాదు, ఇప్పుడు" అంది. అప్పుడు ఏడ్చింది, గుండెలు బాదుకుని. సుధాకర్ టీ గ్లాసు కింద పెట్టి ఆమెను పట్టుకున్నాడు.

మా చర్చిలో ఇప్పుడు గుసగుసలు. బతికుండగానే పూడ్చేశారట, నర్సే మూత వేయించిందట. వినపడేలాగే అంటారు.

ఎండ అనుకుందామంటే ఆ రాత్రంతా ఎండెక్కడిది? తీగల్లో కరెంటు లేదు. ఫ్యాను గాలి అనుకుందామంటే కరెంటు పోయినప్పుడూ ఆగలేదు. బిగుసుకుపోయిన ఒంటిని నా చేతులతో ముట్టుకున్నాను. నా వాచీలో లెక్కా నేనే చూశాను. రెండూ నిజమే. ఆ రెంటినీ ఒకచోట పెట్టడం నాకు ఈ రోజుకీ చేతకాలేదు.

పెట్టెని కారులో పెట్టలేదు. అత్త మంచం పక్కన ఉంది.

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, రిక్షాలో సమాధుల తోట ముందు నుంచి వస్తుంటే అత్త నా చేయి పట్టుకుంది.

"ఆ సవం పెట్టె సేసినోడికి మీ మావయ్యంత పనితనం ఉండదు గదా? సందులుంటాయి గదా? గాలి దూరతాది గదా?"

ఊరట కలుగుతుందనుకుని, "ఉంటాయి అత్తా" అన్నాను.

"అందికే, తెల్లారేదాకా ఉన్నాడు" అంది.