నేను ‘చూశాను’ అని రాసిన కోడు

ఆమె రాసింది నాలుగే ఫంక్షన్లు. నేను రాసినవి పదకొండు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలిక.

అనంతపురంలో ఒక చిన్న కంపెనీలో ఆమే నేనూ పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళం. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. ఆమెది కుందుర్పి వైపు, బోరు కింద సేద్యం. ఇంజనీరింగ్ కలిసే చదివాం, హాస్టల్లో ఒకే గది. మా కంపెనీ వేరుశనగ మిల్లులకు ఒక యంత్రం తయారు చేస్తుంది. కెమెరా కింద నుంచి విత్తనాలు జారుతుంటే, పుచ్చువి కనిపెట్టి గాలి ఊది పక్కకు తోసేస్తుంది. ఆ యంత్రంలోని కంప్యూటర్‌కు కెర్నెల్, అంటే అన్నిటికీ అడుగున ఉండి నడిపించే ప్రోగ్రాం, మా ఇద్దరి పని.

కెమెరాకు ఒక డ్రైవర్, గాలి ఊదే గొట్టాలకు ఒకటి, తెరకు ఒకటి. డ్రైవర్ అంటే ఆ పరికరంతో కెర్నెల్ తరఫున వ్యవహారం నడిపే ప్రోగ్రాం. ప్రతి డ్రైవర్‌కూ కొంత మెమరీ కావాలి. ఎలా అడగాలి, ఎప్పటిదాకా ఉంచుకోవాలి, ఎవరు తిరిగివ్వాలి, ఈ పద్ధతికే మేం ఇంటర్‌ఫేస్ అంటాం. మా పాత ఇంటర్‌ఫేస్ అతుకుల బొంత. తీసుకున్న డ్రైవర్ తిరిగివ్వడం మరిచిపోయేది, రెండు రోజులు నడిచాక యంత్రం నిలబడిపోయేది. బెంగళూరులో ఉండే మా సారు, కొత్తది గీసి చూపించండి, విడివిడిగా, బాగున్నది పెట్టుకుందాం అన్నాడు. ఇకమీద రాసే ప్రతి డ్రైవరూ దాని మీదే ఆధారపడుతుంది. అది నాది కావాలని నాకు ఎంత ఉండిందో చెప్పలేను.

నెలల తరబడి కూర్చున్నాను. ఏ డ్రైవర్ ఏం తప్పు చేయగలదో అన్నీ ఊహించి ఒక్కోదానికి ఒక్కో ఫంక్షన్, అంటే ఒక్క పని చేసిపెట్టే కోడు ముక్క, పెట్టాను. నా ఇంటర్‌ఫేస్‌లో ఎవరూ తప్పు చేయలేరు, నిజమే. వాడనూ లేరు. ఆమె మాత్రం ఒకరోజు పొద్దున ఉగ్గాని తింటూ, పొట్లం కట్టిన కాగితం మీదే నాలుగు గీతలు గీసింది. డ్రైవర్ అడుగుతుంది, ఇస్తాం. తిరిగివ్వడం దాని పని కాదు. పరికరం ఊడిపోయిందంటే కెర్నెలే ఇచ్చినదంతా వెనక్కి లాక్కుంటుంది. నూనె మరకల కాగితం మీద చూసి, బాగుంది అన్నాను. నవ్వాను కూడా. లోపల ఒళ్ళు మండిపోయింది.

వీడియోలో సారు ఆమెది చూశాక నాది తెరవనే లేదు. నీది వచ్చే వారం చూద్దాంలే అన్నాడు. ఆ వచ్చే వారం ఇంతవరకు రాలేదు. ఆ సాయంత్రం ఆమె నాకు టీ తెచ్చిపెట్టింది. ఆ టీ మీద కూడా నాకు కోపం వచ్చింది. హాస్టల్లో నా నోట్సు చూసి పాసైన మనిషి కదా అని లెక్క తీశాను. నిజానికి ఆమె నా నోట్సు అడిగింది ఒక్కసారే, అదీ జ్వరం వచ్చినప్పుడు. కుళ్ళుకునేవాళ్ళకు జ్ఞాపకశక్తి వంకరగా పనిచేస్తుంది.

మా దగ్గర ఒక నియమం ఉంది. ఒకరు రాసిన కోడును ఇంకొకరు పూర్తిగా చదివి, ‘చూశాను, సరిగ్గా ఉంది’ అని కింద తన పేరు పెట్టాలి. అప్పుడే అది లోపలికి పోతుంది. ఆమె నన్నే అడిగింది. తప్పు దొరకాలని దేవుడికి మొక్కుకుంటూ చదివాను. అరగంటలో దొరికింది.

మా ఇంట్లో, షావుకారు చీర కోసం వచ్చి గడపలో కూర్చుని ఉన్నా సరే, నేసే మనిషి మగ్గం గుంతలోంచి లేచేదాకా పట్టు మీద ఎవరూ చేయి వేయరు. చేతులు ఆడుతుండగా కత్తెర పెట్టకూడదు. చిన్నప్పుడు నేను పెట్టబోయి మా నాయన చేత వీపు మీద తిన్నాను. ఆమె పెరిగిన చోటు వేరు. వాళ్ళ బోరు దగ్గర ఫ్యూజు పీకితే మోటారు ఆగిపోతుంది, ఆ తర్వాత ఎవరైనా చేయి పెట్టవచ్చు. అందుకే కెమెరా వైరు ఊడితే అంతా ఆగినట్టే అనుకుంది. కానీ కెమెరా పంపే బొమ్మను మెమరీలోకి దించే చిప్ బోర్డు మీదే ఉంటుంది. వైరు ఊడినా అది తన చేతిలో ఉన్న బొమ్మను రాస్తూనే ఉంటుంది. ఈలోగా కెర్నెల్ ఆ మెమరీని లాక్కుని గాలి గొట్టాల డ్రైవర్‌కు ఇచ్చేస్తే, బొమ్మ పోయి, ఏ గింజను ఊదాలన్న దాని లెక్కల మీద పడుతుంది. ముందు చిప్‌ను ఆగమనాలి, ఆగానని అది చెప్పేదాకా కాచుకోవాలి. ఇంకో ఫంక్షన్ కావాలి, అంతే.

చెప్పలేదు. చెబితే ఓర్వలేక చెప్పిందనుకుంటారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పరీక్షల్లో బయటపడుతుందిలే అనుకున్నాను. రెండూ దొంగమాటలే. ఆమె పడితే చూడాలని ఉండింది నాకు. ‘చూశాను, సరిగ్గా ఉంది’ అని పేరు పెట్టాను.

పరీక్షల్లో బయటపడలేదు, ఎందుకంటే ఆఫీసులో కెమెరాకు దుమ్ము పట్టదు. గోరంట్ల దగ్గరి మిల్లులో పడుతుంది. అక్కడి ఆడవాళ్ళు యంత్రాన్ని ఆపకుండానే వైరు పీకి, కొంగుతో అద్దం తుడిచి, మళ్ళీ గుచ్చుతారు. ఆపితే విత్తనాలు పోసే హాపర్ నిండిపోయి మేస్త్రీ అరుస్తాడు. నాలుగోసారి తుడిచేసరికి యంత్రం మంచి విత్తనాలను బయటికి ఊది, పుచ్చువాటిని గోతాల్లోకి పంపడం మొదలుపెట్టింది. అవి రైతులు విత్తుకోవడానికి పోయే గోతాలు. మిల్లు యజమాని ఫోనులో తిట్టిన తిట్లన్నీ ఆమే విన్నది. మూడు రోజులు అక్కడే దుమ్ములో కూర్చుని, కళ్ళు ఎర్రగా చేసుకుని, తప్పు పట్టుకుని తిరిగొచ్చింది. నాకు కలుగుతుందనుకున్న సంతోషం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

ఇద్దరు చూసిన కోడులో ఇది ఎలా మిగిలిందని సారు మీటింగులో అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె, తనే తొందరపెట్టి సంతకం పెట్టించుకున్నానని, నా తప్పేమీ లేదని చెప్పేసింది. అది అబద్ధం. నాకు వారం టైం ఇచ్చింది.

మీటింగయ్యాక మెట్ల మీద నా పక్కన కూర్చుంది.

“నువ్వు సూసినావు కదా అని నేను మళ్ళా సూడలేదు మే. నీ కంటికి కనపడకపోతే ఇంగెవురికీ కనపడదు అనుకొంటి.”

“నాకు కనపడింది,” అన్నాను.

“ఎప్పుడు?”

“నువ్వు పంపిచ్చిన పొద్దే. నీది బాగుండాదని కడుపుమంట నాకు.”

ఆమె తిట్టలేదు. వంగి చెప్పు పట్టీ సరిచేసుకుంది. తర్వాత లేచి లోపలికి పోయింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ ఉగ్గాని తెస్తే సగం నా బల్ల మీద పెడుతుంది. ఇంటి సంగతులు మాట్లాడుతుంది. కోడు మాత్రం నాకు పంపదు. విడపనకల్లు నుంచి కొత్తగా చేరిన అమ్మాయికి పంపుతుంది. ఆ అమ్మాయికి సగం అర్థం కాదు. ఇద్దరూ ఒకే తెర ముందు తలలు ఆనించి నవ్వుకుంటుంటే, ఉద్యోగం మానేసి పోదామన్నంత కుళ్ళు నాకు.

మొన్న వాళ్ళ వెనక నుంచి నీళ్ళ సీసా కోసం పోతూ తెర మీద చూశాను. ఆమె కోడులో ఒకచోట కెర్నెల్ ఒకే మెమరీని రెండుసార్లు వెనక్కి లాక్కుంటోంది. ఈసారి ఆగలేదు. అక్కడే నిలబడి, వేలు పెట్టి చూపించి, పద్దెనిమిదో లైను తప్పు అని చెప్పాను. ఆమె నా వేలి వైపు చూసింది. తర్వాత ఆ కొత్తమ్మాయి వైపు తిరిగింది.

“ఈమె చెప్పేది నిజమో కాదో నువ్వొకసారి సూడు పాప,” అంది.